తేట నీరంతా మంచి నీరు కాదు

సదఖా-ఎ-జారియాగా దాతలు వేయించే బోర్లలో నీరు తేటగా ఉందా, ఉప్పగా ఉందా అనే ఇన్నాళ్లూ చూశాం. పురుగుమందు మాత్రం కంటికి కనిపించదు.

పత్తికి ఏళ్ల తరబడి కొట్టిన ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. అయితే అది మట్టిలో ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది. విషం తగ్గదు, అసలు మందు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. వానకు కోసుకుపోయే మట్టితో వాగుల్లో చేరుతుంది. అందుకే మన తాగునీటి ప్రమాణంలో మందుకూ ఈ సల్ఫేటుకూ కలిపే పరిమితి ఉంది: లీటరుకు 0.4 మైక్రోగ్రాములు.

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. ఈ విషం పోతుందని నమ్మలేం. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ చాలావరకు పట్టుకుంటుంది.

పొలాల పక్కన బోరుకు విరాళమిచ్చే దాతలకు మా మనవి: పురుగుమందుల పరీక్షను ల్యాబులో విడిగా అడిగి చేయించాలి. ఆ ఖర్చునూ విరాళంలో కలపండి.