తెలంగాణ రైతాంగ పోరాట ఛాయాచిత్రాలు: ముఖం, పేరు, చిత్రవ్యాఖ్య

వ్యాస సంగ్రహం

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని గురించిన పరిశోధనల్లో ఛాయాచిత్రాలు తరచుగా అలంకారాలుగానే మిగిలిపోతున్నాయి. ఛాయాచిత్రాన్ని కూడా ఒక పాఠంగా చదవాలని, దానిలోని ముఖాలకూ మౌఖిక కథనాలలోని పేర్లకూ మధ్య తెగిన సంబంధాన్ని పునరుద్ధరించడం సాహిత్య పరిశోధకుల బాధ్యత అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తెలంగాణ సాయుధ పోరాటం, డాక్యుమెంటరీ ఛాయాచిత్రం, సునీల్ జానా, మౌఖిక చరిత్ర, చిత్రవ్యాఖ్య.

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట్ మీదుగా విజయవాడ వైపు సాగే రహదారి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోకి ప్రవేశిస్తుంది. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట ఈ దారిలోనివే. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటానికి ఆ జిల్లా కేంద్రస్థానం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉధృతమైన ఈ ఉద్యమం వెట్టిచాకిరీకి, అక్రమ వసూళ్లకు, భూమి నుంచి బేదఖలుకు వ్యతిరేకంగా సాగింది. మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాల భూమి పంపిణీ జరిగిందని, నాలుగు వేల మంది ప్రాణాలర్పించారని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో నమోదు చేశారు.

ఈ అంకెల వెనుక ఉన్న మనుషులు ఎలా ఉండేవారు? ఈ ప్రశ్నకు సమాధానంగా మన ముందున్న ఛాయాచిత్రాలు కొద్ది మాత్రమే. అవే పుస్తకాల అట్టల మీద, గోడపత్రికల మీద, సిద్ధాంత గ్రంథాలలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత తక్కువగా పరిశీలనకు గురవుతాయి.

2. కెమెరా ఎవరి వైపు తిరిగింది?

హైదరాబాద్ రాజ్యానికి ఛాయాచిత్రకళ కొత్తది కాదు. రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారునిగా దేశవ్యాప్త ఖ్యాతి పొందారు. ఆయన చిత్రాలలో రాజభవనాలు, వేటలు, సైనిక విన్యాసాలు, అతిథుల రాకపోకలు ప్రధానంగా కనిపిస్తాయి. ఆ వైభవానికి శిస్తు చెల్లించిన రైతుకు అక్కడ దొరికిన చోటు స్వల్పం.

ఈ దృష్టిని మార్చినవారిలో సునీల్ జానా (1918–2012) ముఖ్యులు. అస్సాంలోని దిబ్రూగఢ్‌లో జన్మించి కలకత్తాలో చదువుకున్న ఆయనను 1943లో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి. జోషి బెంగాల్ కరువు ప్రాంతాలకు తీసుకువెళ్లారు. ఆ చిత్రాలు బొంబాయి నుంచి వెలువడే పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో అచ్చయ్యాయి. ఆ పత్రికే తరువాత ‘పీపుల్స్ ఏజ్’ అయింది. జానా చదువు మాని ఛాయాచిత్రణనే వృత్తిగా స్వీకరించారు. తెలంగాణ పోరాట యోధులను చిత్రించినదీ ఆయనే.

కరువు చిత్రాలకూ తెలంగాణ చిత్రాలకూ మధ్య మౌలికమైన భేదం ఉంది. కరువు చిత్రంలో మనిషి ఆకలికి లోనైనవాడు; చూసేవారిలో జాలిని మేల్కొల్పుతాడు. తెలంగాణ చిత్రంలో మనిషి ఆ ఆకలికి కారణమైన వ్యవస్థను ఎదిరించినవాడు. అతడు జాలిని కోరడు. పేదరికాన్ని చిత్రించడం వేరు, పేదరికం మీద తిరుగుబాటును చిత్రించడం వేరు. ఒకే ఛాయాచిత్రకారుడు కొద్ది సంవత్సరాల వ్యవధిలో ఈ రెండు పనులూ చేయడం గమనార్హం.

3. నిలబడి తీయించుకున్న చిత్రం

బాగా ప్రచారంలో ఉన్న ఒక చిత్రంలో స్త్రీ దళ సభ్యులు తుపాకులు చేపట్టి గురిపెట్టినట్లుగా నిలబడి ఉంటారు. ఇది ఎదురుకాల్పుల నడుమ తీసినది కాదు. కెమెరా కోసం నిలబడి తీయించుకున్నదని ఆ భంగిమే తెలుపుతుంది. అంతమాత్రాన దాని ప్రామాణ్యం తగ్గుతుందా?

తగ్గదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రహస్య జీవితం గడిపే దళానికి ఛాయాచిత్రం ప్రమాదకరమైన వస్తువు. పోలీసుల చేతికి చిక్కితే అదే గుర్తింపు పత్రం అవుతుంది. అది తెలిసీ కెమెరా ముందు నిలబడటం ఒక నిర్ణయం. గడీ ముందు తలవంచి నిలబడవలసిన సమాజంలో తలెత్తి తుపాకీతో నిలబడటమే ఒక ప్రకటన. కనుక ఆ చిత్రం యుద్ధ సన్నివేశానికి కాక, ఆ స్త్రీలు తమను తాము ఎలా చూపించుకోదలచారో, పార్టీ వారిని ఎలా చూపదలచిందో ఆ రెండింటికీ సాక్ష్యం. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకటే కానవసరం లేదు.

4. పేరు లేని ముఖాలు

ఆ చిత్రంలోని ఒకరిని మల్లు స్వరాజ్యంగా గుర్తిస్తారు. పక్కనున్నవారిని ‘ఇతర దళ సభ్యులు’ అనే మాటతో సరిపెడుతున్నాం. స్వరాజ్యం తరువాత తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ‘నా మాటే తుపాకీ తూటా’ పేరుతో ఆమె ఆత్మకథ వెలువడింది. పేరు నిలవడానికి పోరాటం ఒక్కటే చాలలేదు. ప్రజాజీవితం, గ్రంథం తోడుకావలసి వచ్చింది.

ఇది తెలంగాణకే పరిమితమైన సమస్య కాదు. అమెరికాలో 1936లో డొరొథియా లాంజ్ తీసిన వలస తల్లి చిత్రం ఆర్థిక మాంద్యానికి ప్రతీకగా నిలిచింది. కానీ ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లోనే. ముఖం ప్రపంచమంతా తిరిగిన నాలుగు దశాబ్దాల పాటు మనిషి అనామకంగానే ఉండిపోయింది. 1968లో వాషింగ్టన్‌లో పేదలు నిర్మించుకున్న నిరసన శిబిరం ‘రిసరెక్షన్ సిటీ’లో జిల్ ఫ్రీడ్‌మన్ తానూ నివసిస్తూ చిత్రాలు తీశారు. చిత్రించేవారికీ చిత్రంలోనివారికీ మధ్య దూరం తగ్గించే ప్రయత్నంగా దానిని చూడవచ్చు.

తెలుగులో ఈ దూరాన్ని తగ్గించింది కెమెరా కాదు, టేప్‌రికార్డరు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను వారి మాటల్లోనే నమోదు చేసింది. అడవిలో బిడ్డను వదులుకోవలసి రావడం, పోరాట విరమణ తరువాత తిరిగి ఇంటి నాలుగు గోడల మధ్యకు చేరవలసి రావడం ఆ కథనాలలో ఉన్నాయి. తుపాకీ పట్టిన స్త్రీ చిత్రంలో ఇవేవీ కనిపించవు. చిత్రం ఒక క్షణాన్ని నిలుపుతుంది. కథనం ఆ క్షణానికి ముందువెనుకలను చెబుతుంది. ఒకదానిని వదిలి మరొకదానిని చదివితే చరిత్ర సగమే అందుతుంది.

చాకలి ఐలమ్మ విషయం ఇందుకు మరొక కోణం. సంఘం అండతో తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల పాలుకాకుండా కాపాడుకున్న ఆమె 1985లో మరణించారు. నేడు ప్రజల మనసులో నిలిచిన ఆమె రూపం ప్రధానంగా వృద్ధాప్యపు రూపం. ఇక్కడ ముఖమూ ఉంది, పేరూ ఉంది. పోరాట క్షణపు చిత్రం మాత్రం కథనంలోనే ఉంది.

5. పరిశోధకులకు కొన్ని ప్రశ్నలు

తాళపత్ర ప్రతిని చేతికి తీసుకున్నప్పుడు లేఖకుడెవరు, ప్రతి ఎక్కడిది, పాఠాంతరాలేమిటి అని అడగడం మన పరిష్కరణ సంప్రదాయం. ఛాయాచిత్రం విషయంలోనూ ఆ క్రమశిక్షణ అవసరం. చిత్రం ఎవరు తీశారు? ఏ పత్రిక కోసం? తొలి ముద్రణలో చిత్రవ్యాఖ్య ఏమని ఉంది, తరువాతి ముద్రణల్లో ఎలా మారింది? అంచులు కత్తిరించారా? ఎవరి పేరు చెప్పారు, ఎవరిని సమూహంగా వదిలేశారు? పాఠాంతరాలవలె ‘వ్యాఖ్యాంతరాలను’ కూడా సేకరించవచ్చు. ‘గెరిల్లాలు’, ‘వీరనారులు’, ‘రైతు స్త్రీలు’ అనే మూడు మాటలు ఒకే చిత్రానికి మూడు భిన్నార్థాలను ఇస్తాయి.

6. ముగింపు

మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న మరణించారు. 1948లో ఇరవై ఏళ్లున్నవారు నేడు జీవించి ఉంటే శతవసంతాలకు చేరువలో ఉంటారు. చిత్రంలోని ముఖాన్ని చూసి ‘ఈమె ఫలానా’ అని స్వయంగా చెప్పగలవారు అరుదైపోయారు. ఇక మిగిలినది వారి బిడ్డల, మనుమల జ్ఞాపకం. ఈ రహదారి వెంట నల్లగొండ, సూర్యాపేట పల్లెల నుంచి తూర్పు హైదరాబాద్ కళాశాలలకు వస్తున్న విద్యార్థుల ఇళ్లలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. ఒక ఛాయాచిత్రాన్ని వారి చేతికిచ్చి ఇంటికి పంపడం, వారు తెచ్చిన మాటను తేదీతో, చెప్పినవారి అనుమతితో నమోదు చేయడం పెద్ద ఖర్చులేని క్షేత్రపరిశోధన. ఒక చిత్రవ్యాఖ్యలో ‘ఇతర దళ సభ్యులు’ అన్న మాట స్థానంలో ఒక్క పేరు చేర్చగలిగినా అది చరిత్రకు చేర్పే. ఆ పని వాయిదా వేసినకొద్దీ అసాధ్యమవుతుంది.