అబిసీనియా కొరకు ఎత్తిన గొంతులు

1919వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ గారి అతిథిగా ఉండి, 'జనగణమన'ను ఆంగ్లమున అనువదించిన సంగతి శ్రోతలు పెక్కుమంది ఎరుగుదురు. ఆ మాసముననే పారిస్ నగరమున డ్యుబాయిస్ పండితుని పూనికతో మొదటి సర్వాఫ్రికా మహాసభ జరిగినది. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు, కాకతాళీయమే. కాని పరాధీన జాతుల ఆకాంక్షలు ఒకే ఋతువున మొలకెత్తుచుండెనని అనుకొనుటలో తప్పు లేదు.

పుంగనూరు, కుప్పము సీమలకు సయితము ఆఫ్రికా మరీ పరాయిది కాదు. 1860 నుండి మదరాసు ఓడరేవున నేటాలుకు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారిలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లావారు పెక్కుమంది కలరు. ఆ జిల్లాలోనివే ఈ రెండు ఊళ్ళును.

ఇక అబిసీనియా. ఆ కాలమున ఆఫ్రికాలో నల్లవారి స్వతంత్ర రాజ్యములు రెండే: అది యొకటి, లైబీరియా యొకటి. 1896లో అడువా యుద్ధమున ఇటలీ సేనను ఓడించిన దేశమగుటచే, అది నల్లజాతివారందరికిని మానధనము వంటిది. 1935 అక్టోబరు 3న ముస్సోలినీ యుద్ధప్రకటన చేయకయే దానిపై పడినాడు. విషవాయువు కూడ ప్రయోగించినాడు. నానాజాతి సమితి ఇటలీపై ఆంక్షలు విధించినది గాని, పెట్రోలును మాత్రము వాటిలో చేర్చలేదు. సూయజ్ కాలువ మూయబడలేదు. లారీలకును విమానములకును కావలసినది పెట్రోలే గదా!

లండనులో ట్రినిడాడు వాడైన సి.ఎల్.ఆర్. జేమ్స్, జమెయికా వనిత ఏమీ ఆష్‌వుడ్ గార్వే, కెన్యాకు చెందిన కెన్యాట్టా మొదలగువారు అబిసీనియా మిత్రసంఘముగా ఏర్పడినారు. వలసలనేలు ప్రభుత్వములు సాటి వలసపాలకుని అడ్డగింపవనియు, కార్మికులే ఇటలీకి సరకు చేరకుండ చేయవలెననియు జేమ్స్ వాదము. జరిగినదానిని చూచిన, ఆయన సందేహము సమంజసమే. 1937లో జార్జి పాడ్మోర్ ప్రభృతులు ఆఫ్రికా సేవాసంస్థను నెలకొల్పి సభలద్వారా, కరపత్రములద్వారా పోరు సాగించినారు.

1936 మే 5న ఆడిస్ అబాబా శత్రువుల వశమైనది. నాల్గు దినములకే, కాంగ్రెసు అధ్యక్షుడైన నెహ్రూ పిలుపుతో, మన దేశమున అబిసీనియా దినము జరిగినది. 1937లో ఠాకూరు 'ఆఫ్రికా' అను కవిత వ్రాసినారు.

1941లో కెరెన్ కనుమల యొద్ద ఇటలీ సేనను ఓడించినవారిలో భారత సిపాయిలు కలరు. ఆ యేడు మే 5ననే, సరిగా అయిదేండ్లకు, హైలే సెలాసీ చక్రవర్తి తన రాజధానిని తిరిగి ప్రవేశించినాడు.