పెట్ స్కాన్‌లో మెడ దగ్గర వెలుగు కనిపిస్తే?

క్యాన్సర్ రోగులను పెట్-సి.టి. స్కాన్ కోసం హైదరాబాదుకు పంపుతుంటాము. కొందరి రిపోర్టులో, మెడకు ఇరువైపులా 'బ్రౌన్ ఫ్యాట్' కనబడిందని వ్రాసి ఉంటుంది. జబ్బు మెడకు ప్రాకిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. అది జబ్బు కాదు, గోధుమ రంగు కొవ్వు. (గోధుమలతో దానికేమీ సంబంధం లేదు, రంగు మాత్రమే!)

పొట్ట మీద పేరుకునే తెల్లకొవ్వు, మిగిలిన ఆహారాన్ని దాచిపెడుతుంది. ఈ కొవ్వు దాన్ని ఖర్చుచేసి ఒంటికి వేడి పుట్టిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పెద్దవాళ్ళలాగా చలికి వణకలేదు. అందుకే బిడ్డకు భుజాల మధ్య, మెడ చుట్టూ ఈ కొవ్వు ఉంటుంది. నెలలు నిండని బిడ్డకు ఇది తక్కువ. అటువంటి బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచమని మేము పదేపదే చెప్పేది ఇందుకే.

పెద్దయ్యాక ఇది దాదాపు ఉండదని చాలాకాలం అనుకున్నారు. పెద్దవారిలోనూ పనిచేస్తుందని 2009లో పెట్ స్కాన్ల ద్వారా రుజువైంది. బోస్టన్‌లో మామూలుగా తీసిన స్కాన్లను పరిశీలిస్తే స్త్రీలలో నూటికి 7.5 మందిలో, పురుషులలో 3.1 మందిలో కనబడింది. నెదర్లాండ్స్‌లో 24 మంది యువకులను 16 డిగ్రీల చలిలో ఉంచి స్కాన్ తీస్తే 23 మందిలో కనబడింది. చూశారా, చలి ఎంత పని చేస్తుందో!

స్కాన్‌కు ముందు, స్వల్పంగా రేడియోధార్మికత గల చక్కెర వంటి మందును నరానికి ఎక్కిస్తారు. దాన్ని ఎక్కువగా లాగుకున్న చోటు బొమ్మలో వెలుగుతుంది. క్యాన్సర్ గడ్డ లాగుకుంటుంది, చలికి మేల్కొన్న ఈ కొవ్వూ లాగుకుంటుంది. సి.టి. బొమ్మలో అక్కడ కొవ్వే ఉందని చూసి డాక్టరుగారు తేడా తేలుస్తారు. కాని ఆ వెలుగు మధ్య చిన్న గడ్డ ఏదైనా ఉంటే మరుగున పడవచ్చు. మళ్ళీ స్కాన్ అంటే ఎంత ఖర్చో మీకు తెలుసు.

కనుక చేవెళ్ళ, మొయినాబాదుల నుండి డిసెంబరు తెల్లవారుజామున మర్రిచెట్ల రోడ్డు మీద మోటారు సైకిలుపై స్కాన్‌కు వెళ్ళకండి. స్వెట్టరు, మఫ్లరు వేసుకొని బస్సులో వెళ్ళండి. అక్కడ ఏ.సి. గదిలో చలివేస్తే మొహమాటపడక దుప్పటి అడగండి. ముందురోజు నుండే వెచ్చగా ఉండడం మంచిది. ఎన్ని గంటలు పస్తు ఉండాలో స్కాన్ సెంటరువారు చెబుతారు. షుగరు మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ కొవ్వును పెంచి బరువు తగ్గిస్తామనే పొడుల ప్రకటనలకు డబ్బు తగలెయ్యకండి. స్కాన్ తరువాత రిపోర్టుతోపాటు సి.డి. కూడా అడిగి తీసుకొని, మరుసటి ఓ.పి.కి తీసుకురండి.