గాలి పోయినా నడిచే టైరు: ఇందా కారుకు అవసరమా?

ఎందుకు? ఎలా?

ప్రశ్న: ఖరగ్‌పూర్ ఇందాలో ఉంటున్నాం. ఏటా సంక్రాంతికి కారులోనే శ్రీకాకుళం వెళ్తాం. రాత్రిపూట పంక్చరైతే పిల్లలతో హైవే పక్కన దిగి టైరు మార్చడం భయంగా ఉంటోంది. ఉన్నవి తీసేసి రన్‌ఫ్లాట్ టైర్లు వేయించమంటారా?

జవాబు: మీ కారు కంపెనీ నుంచే రన్‌ఫ్లాట్లతో రాకపోతే వద్దండి.

మామూలు టైరులో కారు బరువు మోసేది లోపలి గాలే. అది దిగిపోతే పక్కగోడ రిమ్ము కింద పడి నలుగుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా మడతపడి లేస్తూ వేడెక్కి, కాస్త దూరానికే చిరిగిపోతుంది. రన్‌ఫ్లాట్‌లో ఆ పక్కగోడకు లోపలి వైపు వేడిని తట్టుకునే గట్టి రబ్బరు దట్టంగా ఉంటుంది. గాలి పోయినా కారు కూలబడదు. వేడి మాత్రం పుడుతూనే ఉంటుంది. అందుకే చాలా కంపెనీలు గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, 80 కిలోమీటర్ల దూరమే నడపమంటాయి. కారు నిండా మనుషులూ సామానూ ఉంటే అదీ తగ్గుతుంది. పండగ ప్రయాణం ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా!

ఇక మీ దారి చూద్దాం. ఎన్‌హెచ్ 16 మీద ఇందా దగ్గరే గాలి పోయిందనుకోండి. 80 కిలోమీటర్ల లెక్కన ఒడిశా వైపు జలేశ్వర్ దాకా వెళ్లొచ్చు, బాలేశ్వర్ అందదు. కోల్‌కతా వైపైతే కోలాఘాట్ దాటుతారు, నగరం చేరలేరు. చీకట్లో దిగే పని తప్పుతుంది, అది నిజమైన లాభమే. చిక్కంతా ఆ తర్వాత. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌కు పంక్చర్ వేయొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. టైరు విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. పక్కగోడ లోలోపల నలిగిందనడానికి అది గుర్తు. అంటే కొత్త టైరే కొనాలి. మీ సైజు రన్‌ఫ్లాట్ అర్ధరాత్రి ఏ ధాబా పక్క షాపులో దొరుకుతుంది? మామూలు ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే, అదే షాపువాడు సబ్బునీళ్లు చల్లి, బుడగలొచ్చే చోటు పట్టుకుని, స్ట్రిప్ దోపి పంపేస్తాడు.

ఇంకో సంగతి. రన్‌ఫ్లాట్‌లో గాలి పోయినా బయటికి తెలియదు. అందుకే గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరించే టీపీఎంఎస్ తప్పనిసరి. రన్‌ఫ్లాట్‌కు తగిన రిమ్ములూ సస్పెన్షనూ ఉండాలి, నాలుగూ అవే వేయాలి. బీఎండబ్ల్యూ, మినీ లాంటి కార్లను ఆ లెక్కతోనే తయారు చేశారు. మామూలు కారుకు తగిలిస్తే వానాకాలం గుంటల్లో నడుము చెబుతుంది. ధర సంగతి సరేసరి!

మీది అలాంటి కారేనేమో చూడాలంటే టైరు పక్కనున్న అక్షరాలు చదవండి. బ్రిడ్జ్‌స్టోన్ మీద ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ మీద జడ్‌పీ, కాంటినెంటల్ మీద ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ మీద ఆర్‌ఓఎఫ్ అని ఉంటుంది. ఉంటే మళ్లీ అవే వేయించండి. మామూలువి వేయించాలనుకుంటే స్టెప్నీకి డిక్కీలో చోటుందా అని ముందు చూడండి. చాలా వాటిలో ఉండదు.

టైరు మీద ఆ అక్షరాలు లేకపోతే, రన్‌ఫ్లాట్లకయ్యే డబ్బులో కొంత పెట్టి చిన్న కంప్రెసరు, పంక్చర్ కిట్టు, వాల్వుకు బిగించే గాలి సెన్సర్లు కొనండి. గాలి మెల్లగా దిగుతుంటే సెన్సరు ముందే చెబుతుంది కాబట్టి, వెలుతురున్న పెట్రోలు బంకు దాకా వెళ్లి ఆగొచ్చు. కొత్త కారు కొనేటప్పుడూ డిక్కీ తెరిపించి చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది.

బయల్దేరే రోజు టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించండి, స్టెప్నీతో సహా. ఎంత కొట్టించాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. నిండు బరువుకు అంకె వేరుగా రాసి ఉంటే మీరు పాటించాల్సింది అదే.