సబ్‌ఊఫరుకు బరువు కడితే?

"పాట వినబడుతోంది గాని డోలక్ దెబ్బ వినబడడం లేదు" అని మా సంఘపెద్దలు అన్నారు. కొత్త సబ్‌ఊఫరు కొనే స్తోమత మాకు లేదు. యవ్వనస్థులమందరం కలిసి పాతదానినే బాగుచేద్దామనుకొన్నాము.

మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వముద్ద అంటించి శ్రుతి దించడం మీలో చాలామంది చూచియుంటారు. స్పీకరు సంగతీ అంతే. కోను బరువు పెరిగితే అది సహజంగా ఊగే వేగం తగ్గి, లోతైన ధ్వని పలుకుతుంది. మేము కోను మధ్య మూత చుట్టూ సమాన దూరంలో చిన్న వాషర్లు జిగురుతో అంటించాము.

ధ్వని లోతైంది, కాని మెత్తబడింది! కదిలే భాగపు బరువు రెండింతలైతే 40 హెర్ట్జ్‌ల దగ్గర ఊగేది సుమారు 28కి దిగుతుంది. అయితే శబ్దం 6 డెసిబెల్లు తగ్గుతుంది. మునుపటంత బిగ్గరగా రావాలంటే ఆంప్లిఫయరు నాలుగింతల శక్తి పంపాలి. ఈ లెక్క తెలియక మేము వాల్యూమ్ పెంచుకొంటూ పోయాము. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. లోపలి కాయిల్ మాడిపోయింది. చందాలు వేసుకొని కొత్త కాయిల్ వేయించాము.

ఆ మెకానిక్ అన్న వాషర్లు తీసివేసి, "ముందు రోగమేమిటో చూడండి బాబూ, మందు తరువాత" అన్నాడు. అసలు రోగం కోను అంచునున్న ఫోము! అది ఏళ్లు గడిచి పొడిపొడిగా రాలిపోతోంది. కోను ముందుకు నెట్టే గాలి, వెనుకకు లాగే గాలి ఆ చిరుగులో కలిసిపోతే లోతైన ధ్వని చచ్చిపోతుంది. డబ్బా చేసేది ఆ రెంటినీ విడదీయడమే.

ఆయన చెప్పినట్లు చేశాము. పాత ఫోమును, జిగురును గీకివేశాము. మధ్య మూత విప్పి, కాయిల్ నడిమధ్యన నిలిచేలా సన్నని కాగితపు ముక్కలు చుట్టూ దూర్చాము. అదే కొలత కొత్త ఫోము అంటించి ఒక రోజంతా ఆరనిచ్చాము. కాగితాలు తీసి, వేళ్లతో కోనును మెల్లగా నొక్కితే ఎక్కడా గరగరలాడలేదు. మూత తిరిగి అంటించి, డబ్బా సందులు కూడ మూసివేశాము.

మీ స్పీకరు అన్నివైపులా మూసిన డబ్బాలో ఉంటే కోనును మెల్లగా నొక్కి వదలండి. అది నిదానంగా పైకి వస్తే మంచిదే. చటుక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నదన్నమాట.

తరువాతి ఆదివారం డోలక్ దెబ్బ వెనుక బల్లల వరకు వినబడింది. కొత్త బరువు తగిలించక ముందు పాత చిరుగు వెదకాలని మేము డబ్బు పోసి నేర్చుకొన్నాము. మీరు ఊరకనే నేర్చుకోండి!