హెల్మెట్ తలకా... మోచేతికా?

హైదరాబాద్‌లో బండి నడపాలంటే లైసెన్సు కంటే ముందు హారన్ భాష రావాలి. ఒకసారి మోగిస్తే ‘వస్తున్నా’, రెండుసార్లయితే ‘జరుగు’, ఆపకుండా మోగిస్తే ‘నువ్వాగినా నేనాగను’. అమీర్‌పేటలో ఎర్రలైటు మారడానికి ఇంకా అయిదు సెకన్లుందనగానే వెనక మోత మొదలవుతుంది. ఎడమ ఇండికేటర్ వేసినవాడు కుడికి తిరుగుతాడు. ఆటో అతను అసలు ఇండికేటర్ జోలికే పోడు, కాలు బయటపెడతాడు. రాంగ్ రూట్లో వచ్చేవాడు మనల్నే గుర్రుగా చూస్తాడు.

వీటికి నవ్వుకోవచ్చు. హెల్మెట్ దగ్గరికొచ్చేసరికే నాలోని డాక్టరుకు నవ్వు ఆగిపోతుంది. దాన్ని అద్దానికి తగిలిస్తారు, పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెడతారు, మోచేతికి తొడుగుతారు. పోలీసు కనిపించగానే నెత్తికెక్కుతుంది, చౌరస్తా దాటగానే దిగుతుంది. స్కూటర్ మీద వెళ్లే కుటుంబాన్ని చూడండి. నాన్నకు హెల్మెట్, మధ్యలో పిల్లాడికి స్కూలు టోపీ, వెనక ఒకవైపు కూర్చున్న అమ్మకు కొంగు! నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పెట్టుకోవాలనే చట్టం చెబుతోంది.

అడిగితే జుట్టు ఊడుతుందంటారు. బట్టతలకు ఎక్కువగా వంశపారంపర్యమే కారణం. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా జుట్టు రాలుతుంది. హెల్మెట్‌లో చెమటకు చుండ్రు, దురద పెరగొచ్చు, అంతే. లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకోండి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. హెల్మెట్ తలకు గాయమయ్యే ముప్పును 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని పలు అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. లోపలున్న థర్మాకోల్‌లాంటి పొర తాను నలిగి దెబ్బను పీల్చుకుంటుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మార్చేయాలి. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. గడ్డం కింద పట్టీ బిగించండి. పట్టీ, గడ్డం మధ్య రెండు వేళ్లు పడితే సరిపోయినట్టు. పట్టీ లేనిది కిందపడేలోపే ఎగిరిపోతుంది.

క్యాజువాలిటీలో మమ్మల్ని భయపెట్టేది రక్తం కారుతూ వచ్చినవాడి కంటే, ఆలస్యంగా వచ్చినవాడు. పడ్డాడు, లేచాడు, దులుపుకున్నాడు, ఎదుటివాడితో గొడవ కూడా పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి నొప్పి మాత్ర మింగి పడుకున్నాడు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంటే మనిషి కొన్ని గంటలు మామూలుగానే ఉంటాడు. ఆ తర్వాత మత్తులోకి జారిపోతాడు. సమయానికి తెస్తే ఆపరేషన్ చేసి కాపాడవచ్చు.

కాబట్టి తలకు దెబ్బ తగిలిన మనిషిని కనీసం ఒక రోజు ఒంటరిగా వదలొద్దు. పడినప్పుడు క్షణకాలం స్పృహ తప్పినా, ఆ తర్వాత పదేపదే వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఒక కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, చెవి ముక్కుల్లోంచి రక్తంగానీ నీరుగానీ కారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం పలుచబడే మందులు వాడే గుండెజబ్బు రోగులు, పెద్ద వయసువాళ్లు మాత్రం ఇవేవీ కనిపించకపోయినా ఆస్పత్రికి వచ్చి చూపించుకోవాలి. వచ్చేటప్పుడు రోజూ వేసుకునే మందుల చీటీ వెంట తెచ్చుకోండి.