మేడమీద డీసీ... ఇంట్లో ఏసీ!

"ఇదంతా డీసీ కరెంటండీ, పిల్లలు ముట్టుకున్నా ఏం కాదు" అన్నాడు, మేడమీద సోలార్ పలకలు బిగించడానికొచ్చిన అబ్బాయి. పిట్టగోడ అవతల వడియాలు ఎండబెట్టుకుంటున్న పక్కింటి పిన్నిగారు ఊరుకుంటారా? "అదేమిటి నాయనా, పట్టుకుని పీల్చేసేది డీసీయేనట కదా! ఏసీ అయితే విసిరి అవతల పారేస్తుందట" అన్నారు. ఆ మాట పిన్నిగారి సొంతం కాదు లెండి. మన ఊళ్లలో ఎవర్ని కదిపినా అదే చెబుతారు. వైరింగు పనివాళ్లు కూడా అంతే ధీమాగా చెప్పగా విన్నాను.

డిగ్రీలో ఫిజిక్సు చదివిన పాపానికి ఇద్దరూ తీర్పు కోసం నా వంక చూశారు. కాస్త పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, పిన్నిగారి మాట తలకిందులు, ఆ అబ్బాయి మాట ప్రమాదకరం!

ముందు రెంటికీ తేడా చెప్పుకుందాం. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చేది డీసీ. కాలవలో నీళ్లలా ఒకే దిక్కుకి పోతుంది. గోడ ప్లగ్గులో ఉండేది ఏసీ. అది ఉయ్యాల. సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టులని చెబుతారు గానీ అది ఒకరకమైన సరాసరి లెక్క. ఊగిన ప్రతిసారీ చివరికంటా వెళ్లేసరికి 325 వోల్టులు ఉంటుంది.

ఏది ఎక్కువ ప్రమాదం అన్న తగువు మా వీధిలో పుట్టిందేం కాదు. అమెరికాలో ఎడిసన్ డీసీ అమ్మేవాడు, వెస్టింగ్‌హౌస్ ఏసీ అమ్మేవాడు. ఏసీ ఎంత ప్రమాదమో లోకానికి చూపిస్తానంటూ హెరాల్డ్ బ్రౌన్ అనే ఆయన 1888 జులైలో న్యూయార్కులో పత్రికలవాళ్లనీ పెద్దమనుషుల్నీ పిలిచి, బోనులో ఓ కుక్కని పెట్టాడు. దానికి డీసీ ఎక్కించుకుంటూ వెయ్యి వోల్టులదాకా వెళ్లాడు. పాపం, బతికింది. ఆ తర్వాత 330 వోల్టుల ఏసీ ఇస్తే చచ్చిపోయింది. చూశారా, ఏసీ ఎంత హంతకో అన్నాడు. అప్పటికే సగం చచ్చిన కుక్క అది. దాంతో రుజువేమిటని మనబోటి వాళ్లకే అనిపిస్తుంది!

అంతటితో ఆగారా? మరణశిక్షకి కొత్తగా విద్యుత్తు కుర్చీ తెచ్చినప్పుడు అందులో వాడేది ఏసీయే అయ్యేటట్టు చూశారు. తనతో కాపురం చేస్తున్న ఆడమనిషిని గొడ్డలితో చంపిన విలియం కెమ్లర్‌ని 1890 ఆగస్టు 6న ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పదిహేడు సెకన్లు కరెంటిచ్చి, పోయాడనుకుని ఆపితే ఊపిరి కనిపించింది. మళ్లీ ఇచ్చారు. చూస్తున్నవాళ్లు తట్టుకోలేకపోయారట. ఇంత చేసినా గెలిచింది ఏసీయే. ట్రాన్స్‌ఫార్మర్‌తో దాని వోల్టేజీ పెంచి వందల మైళ్లు పంపొచ్చు, మళ్లీ తగ్గించి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. ఆ రోజుల్లో డీసీకి ఆ వెసులుబాటు లేదు.

అయితే ఎడిసన్ పక్షంవాళ్లు ఎత్తుకున్న దారి ఎంత నీచమైనదైనా, వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అదెందుకో మన ఒంట్లోనే ఉంది.

నరం కరెంటు మారినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. డీసీ తగిలిన క్షణంలో ఒక ఉలికిపాటు, వదిలిన క్షణంలో ఇంకొకటి. ఆ మధ్యలో వేడి, మంట. ఏసీ అలా కాదే! సెకనుకి వందసార్లు దిక్కు మార్చుకుంటుంది. ఒక దెబ్బనుంచి కండరం తేరుకోకముందే ఇంకో దెబ్బ. దాంతో బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. మన ముంజేతిలో గుప్పిట మూసే కండరాలు, తెరిచే కండరాలకంటే బలమైనవి. అందుచేత అరచేత్తో ఏసీ తీగ పట్టుకుంటే గుప్పిట దానిమీదే మూసుకుపోతుంది. కరెంటు మనిషిని పట్టుకోవడం కాదు, మనిషే కరెంటుని పట్టుకుని వదల్లేకపోవడం! మరి విసిరేయడం సంగతేమిటంటారా? అరచెయ్యి కాక చేతి వెనకవైపు తగిలితే అదే ముడుచుకోవడం చేతిని దూరంగా లాగేస్తుంది. కాళ్లలో పెద్ద కండరాలు ఒక్కసారిగా ముడుచుకుంటే మనిషి ఎగిరిపడతాడు. ఇది రెండు కరెంటుల్లోనూ జరుగుతుంది. అదృష్టవశాత్తూ ఎగిరిపడ్డవాళ్లు బతికొచ్చి "ఏసీ విసిరేసింది" అని చెప్పుకుంటారు. పట్టుబడిపోయినవాళ్లు చెప్పడానికి మిగలరు.

ఎంత కరెంటుకి చెయ్యి వదల్లేమో కొలిచినాయన ఒకాయన ఉన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు. తమంత తాము ముందుకొచ్చినవాళ్ల చేతికి రాగితీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ "వదలండి చూద్దాం" అనేవారు. ఏసీలో మగవాళ్లు సగటున 16 మిల్లీఆంపియర్లదాకా వదలగలిగారు. మరి ఆడవాళ్లు? పదిన్నర! డీసీకైతే మగవాళ్లు 76 దాకా తట్టుకున్నారు, ఆడవాళ్లకి 51 ఉంటుందని లెక్కవేశారు. ఈ అంకెలు చదివాక నాకు వంటిల్లే కళ్లముందు మెదిలింది. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, ఇస్త్రీపెట్టె... రోజంతా తడిచేతుల్తో వీటితో మెలిగే మనిషికే వదిలించుకునే శక్తి తక్కువన్నమాట! చిన్నపిల్లలకి ఇంకా తక్కువ.

ఇక గుండె. ఏసీ సెకను దాటి ఒంట్లోంచి పోతే 40, 50 మిల్లీఆంపియర్లకే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టవచ్చు. డీసీకైతే అందుకు మూడు నాలుగు రెట్లు కావాలి. విచిత్రమేమిటంటే, అలా వణికే గుండెని దారిలో పెట్టడానికి ఆస్పత్రిలో ఇచ్చేది కూడా షాకే. సినిమాల్లో చూస్తాం కదా, ఇస్త్రీపెట్టెల్లాంటివి రెండు ఛాతీమీద అదిమి... మొదట్లో ఆ షాకుకీ ఏసీనే వాడేవారు. డాక్టర్ బెర్నార్డ్ లోన్ 1962లో డీసీ అయితే గుండెకి హాని తక్కువని చూపించారు. అప్పట్నుంచీ అదే వాడుకలోకొచ్చింది.

40 మిల్లీఆంపియర్లంటే ఎంతనుకున్నారు? మన తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలగడానికి ఇంచుమించు అంతే పడుతుంది. పొడి చర్మం కరెంటుని బాగానే అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు వెయ్యి ఓములకి పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులు తగిలితే పోయే కరెంటు 230 మిల్లీఆంపియర్లు. "ఫ్యూజు ఉందిగా, ఎంసీబీ ఉందిగా" అనకండి. అవి తీగల్ని కాపాడేవి, మనల్ని కాదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అంటే పదహారు వేల మిల్లీఆంపియర్లు. మనిషి ప్రాణం పోయే కరెంటు దాని కంటికే ఆనదు! మనకోసం ఉన్నది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో ఆపేస్తుంది. దానిమీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. ఠక్కున పడిపోతే పనిచేస్తున్నట్టు.

ఈ ఒక్క పెట్టె లేక, ఎర్తింగు సరిగా లేక పోయిన ప్రాణాలు మన పేపర్లలో వానాకాలం వస్తే చాలు కనబడుతూనే ఉంటాయి. ముఖ్యంగా బట్టలారేసే దండెం. ఇనపతీగని ఓ కొస రేకుల షెడ్డుకీ, ఇంకో కొస కరెంటు స్తంభానికీ కట్టేస్తాం. ఎక్కడో వైరు ఒరుసుకుని తొడుగు పోయి దండేనికి కరెంటొస్తుంది. తడిబట్ట, తడినేల, వట్టికాళ్లు. కాపాడబోయి భర్తో కొడుకో కూడా పట్టుకోవడం... దండేనికి నైలాను తాడు చాలదూ!

సరే, మళ్లీ మేడమీదికి వెళదాం. ఏసీకన్నా డీసీ మెతకే అయినప్పుడు ఆ అబ్బాయి మాటలో తప్పేముంది? తప్పు వోల్టుల్లో ఉంది. పొడిగా ఉన్నచోట మామూలు మనిషికి 50 వోల్టుల ఏసీ, 120 వోల్టుల డీసీ దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులే. పొడిచేత్తో తాకితే షాక్ కొట్టదు. (స్పానరు రెండు కొసలకీ తగిలితే మాత్రం భగ్గుమని చెయ్యి కాలుతుంది. అది వేరే కథ.) సోలార్ పలక ఒక్కోటీ 40 వోల్టులకి కాస్త అటూ ఇటూ ఇస్తుంది. ఆరేడు పలకల్ని వరసగా కలిపితే 250, 300 వోల్టులు! అది పిల్లలు ముట్టుకునే సరుకు కాదు.

పైగా డీసీకి ఇంకో దుర్గుణం ఉంది. ఏసీ ఊగేటప్పుడు సెకనుకి వందసార్లు సున్నా మీదుగా పోతుంది కనక, స్విచ్చి తీసినప్పుడు పుట్టిన నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. వైరు ఊడబీకితే ఆ ఖాళీలోనే మెరుపులా మంట నిలబడుతుంది. సోలారుకి వేరే డీసీ స్విచ్చిలు పెట్టేది అందుకే. మామూలు స్విచ్చి తగిలిస్తానంటే ఒప్పుకోకండి.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మధ్యతరగతి మేడలమీద కూడా ఈ పలకలు లేస్తున్నాయి. సంతోషమే. కానీ మేడమీద పనులు ఎవరివి? బట్టలు, వడియాలు, ఒరుగులు, కడగడం, ఊడవడం... మనవేగా! ఇన్నాళ్లూ మనకి నేర్పిందల్లా ఒక్కటే: మెయిన్ ఆఫ్ చేసి ముట్టుకో అని. మెయిన్ ఆపితే ఇంట్లో ఏసీ ఆగుతుందిగానీ, ఎండ ఉన్నంతసేపూ పలకల వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. సూర్యుడికి స్విచ్చి లేదు మరి! అందుకని పలకలు కడిగేది ఎండెక్కకముందే. పగిలిన పలక జోలికీ, వేలాడే వైర్ల జోలికీ వెళ్లకూడదు. ఆ చట్రాలకి దండెం కట్టకూడదు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా ఇదే తిరకాసు. వీధంతా కరెంటు పోయింది కదా అని హోల్డరులో వేలు పెడితే, బ్యాటరీలోని 12 వోల్టులే 230 వోల్టుల ఏసీ అయి అక్కడ కూర్చుని ఉంటుంది.

షాక్ కాకపోయినా చెప్పుకోవలసిన డీసీ ఇంకొకటి. రిమోట్లలో, ఆటబొమ్మల్లో రూపాయిబిళ్లలా ఉండే బ్యాటరీ. మూడే వోల్టులు. పసివాడు మింగితే గొంతు తడిలో కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అరటిపండు తినిపిద్దాం, రేపు పోతుందిలే అని కూర్చోకూడదు. వాంతి చేయించకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇక ఎవరైనా కరెంటుకి పట్టుబడితే... ముట్టుకోకండి. పరుగెత్తి మెయిన్ ఆఫ్ చేయండి. అది అందకపోయినా, పట్టుకున్నది సోలార్ వైరైనా, పొడిగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీమీదో చెక్కపీటమీదో నించుని ఎండుకర్రతో విడదీయాలి. వీధిలో తెగిపడ్డ లైను దగ్గరైతే కర్ర కూడా పనికిరాదు. దూరంగా ఉండి 1912కి ఫోన్ చేయండి. విడిపడ్డ మనిషికి ఊపిరి లేకపోతే నీళ్లు చల్లుతూ, కాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. 108కి ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు రెండు అరచేతులూ ఒకదానిమీదొకటి పెట్టి, ఛాతీ నడుమ రెండంగుళాలు దిగేటట్టు నిమిషానికి వందకి తగ్గకుండా అదమాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఒకసారి ఈసీజీ తీయించండి.